రెండు తీగలు, ఒకే గుమ్మం

మా వీధిలో ఇంటర్నెట్ తీగ కోసం మనిషిని నరికేశారని ఫోన్లో చెబితే తణుకులో ఉన్న మా పిన్ని నమ్మలేదు. "పొలం గట్టు కోసం నరుక్కున్నారంటే విన్నాం. కాలవ నీళ్ల కోసమంటే విన్నాం. తీగ కోసమేమిటే, నీ మొహం!" అంది. ఆవిడకు ఈ కన్నడ ఊరు కుందలహళ్ళి సంగతి ఏం తెలుసు? ఇక్కడ తీగే గట్టు, తీగే కాలవ.

అది రెండువేల ఆరు. పెద్ద టెక్ పార్కులో అద్దాల మేడల్లో ఉన్నవాళ్లకు భూమిలోంచి మంచి కేబుళ్లు వచ్చేవి. పార్కు గోడ బయట మాలాంటి చిన్న కంపెనీలకూ, అద్దె ఇళ్లకూ నెట్ ఇచ్చేది మాత్రం వీధి కేబుల్ వాళ్లే. ముందు టీవీ తీగ లాగినవాడే తర్వాత నెట్ తీగ కూడా లాగాడు. మేడ మీంచి మేడ మీదికి, చెట్ల కొమ్మల మధ్యనుంచి, కరెంటు స్తంభాలను పట్టుకుని వేలాడే నల్ల తీగలు. మా రోడ్డుకు తూర్పు పక్కంతా గురప్పది, పడమటి పక్కంతా ఆదినారాయణప్పది. ఒక బిల్డింగుకు ఒకడే ఆపరేటరు. ఇతని పక్కన అతని తీగ కనిపిస్తే తెల్లారేసరికి తెగి ఉంటుంది. తెగిన తీగ మళ్లీ కడితే కట్టిన చెయ్యి తెగుతుంది. ఈ హద్దును ఏ ఆఫీసరూ గీయలేదు, అయినా వీధిలో తెలియనివాడు లేడు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఇంటి ఓనరు నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పి, ఆ వెంటనే "మనది గురప్ప సైడు" అని కూడా చెప్పేవాడు.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం, అందరూ టీ తాగే వేళ, ఆ హద్దు మీద ఓంకార్‌ను చంపారు. గురప్ప దగ్గర లైన్‌మన్ అతను. నేను మా ఆఫీసు కిటికీలోంచి చూశాను. స్తంభానికి నిచ్చెన ఆనించి పైన తీగ బిగిస్తున్నాడు. ఆటోలోంచి నలుగురు దిగారు, మొహాలకు కర్చీఫులు. నిచ్చెన లాగేశారు. కింద పడ్డవాడు లేవబోయాడు. నలుగురిలో పొడుగ్గా ఉన్నవాడు చొక్కా వెనకనుంచి లాంగు తీశాడు. మూరెడు పైన పొడవుండే కత్తిని ఇక్కడి రౌడీలు లాంగు అంటారు. మొదటి దెబ్బ ఓంకార్ అడ్డం పెట్టిన చేతిమీద పడింది. తర్వాతది మెడమీద. టీకొట్టువాడు స్టవ్ ఆపకుండానే షట్టర్ దించేశాడు. ఆటో వెళ్లిపోయాక కూడా ఓంకార్ కాలు కాసేపు మట్టిని తన్నుతూనే ఉంది. పెళ్లయి ఏడాది కూడా కాలేదతనికి. కిందికి దిగిన ఆడవాళ్లు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఆ పొడుగువాడు ఆదినారాయణప్ప మనిషి, పేరు మల్లికార్జున్. కర్చీఫు కట్టుకున్నా వీధి మొత్తానికీ తెలుసు. పోలీసులు పట్టుకెళ్లారు, కొన్నాళ్లకు బెయిల్ మీద వచ్చాడని కూడా విన్నాం. నేను మాత్రం అతని మొహం ఎప్పుడూ చూడలేదు.

ఓంకార్ అన్న కదిరప్ప కూడా గురప్ప దగ్గరే లైన్‌మన్. తాతల కాలంలోనే హిందూపురం వైపునుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మా ఆఫీసు తీగ పోయినప్పుడల్లా వచ్చేది అతనే. నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి, సర్వర్ రూముకు ఒక దణ్ణం పెట్టి లోపలికి వచ్చేవాడు. తమ్ముడు పోయాక మా కింద మెస్సులో తినడం మొదలుపెట్టాడు. ఇల్లు పక్క వీధిలోనే ఉండగా మెస్సు తిండి ఏమిటని అడిగాను.

"అమ్మ పెట్టదు మేడమ్" అన్నాడు, తీగ చివర ఒలుస్తూ. "వాడు పడేదాకా నా చేత్తో నీకి సంగటి పెట్టేది లేదు అనేసింది. ఆమె పెట్టకుంటే నాకి కడుపు నిండదు."

"రెండో కొడుకును కూడా జైలుకు పంపిస్తే మీ అమ్మ కడుపు నిండుతుందా?" అని కేకలేశాను.

"అది మీకి తెలీదులే మేడమ్" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "గురప్పన్న చెప్పిండాడు, టైము నేను చెప్తా, అంతదాకా చెయ్యి ఎత్తొద్దు అని. ఆయన మాట కోసరం ఆగిండాను."

వాళ్లమ్మ అక్కయమ్మను నేను ఒకసారి మెస్సు మెట్ల దగ్గర చూశాను. కొడుకు లోపల తింటుంటే బయట నిలబడి చూస్తోంది. అతను చెయ్యి కడుక్కునేదాకా నిలబడి వెళ్లిపోయింది. ఆవిణ్ని చూశాక కదిరప్ప ఏదో ఒకరోజు మల్లికార్జున్‌ను చంపేస్తాడని నాకు ఖాయంగా తెలిసిపోయింది. తెలిసి చేయగలిగిందేమీ లేదు.

నా సంగతి చెప్పలేదు కదూ. నేను వరూధినిని. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌ని. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నేనే, సర్వర్ మొండికేసినా నేనే. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పిన మాటలు సౌండు ఫైళ్లుగా వస్తే మా అమ్మాయిలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పగలంతా టైపు చేసి సాయంత్రానికి తిరిగి పంపాలి. నెట్ లేకపోతే మేం లేం. ఓంకార్ పోయినప్పటినుంచీ గలాటాల్లో మా తీగ తెగుతూనే ఉంది. ఇంకోసారి ఆలస్యమైతే పని మనీలాకు ఇచ్చేస్తామని అమెరికావాళ్లు తెగేసి చెప్పారు.

మా బాసు పద్మనాభంగారు నన్ను కేబిన్లోకి పిలిచారు. "వరూధినీ, నాకు రెండు లైన్లు కావాలి. ఒకటి చచ్చినా ఇంకోటి బతికుండాలి."

"సార్, ఈ వీధిలో రెండు లైన్లు అడిగితే చచ్చేవి లైన్లు కావు."

"మనది కార్నర్ బిల్డింగే కదా. రెండు సైడ్‌లకూ చెందుతుంది. నువ్వు మాట్లాడు. నీ నోటికి ఎవడైనా దారికొస్తాడు" అన్నారాయన. పొగిడారో తిట్టారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గురప్పకు సిమెంటు ఇటుకల వ్యాపారం. ఇటుకలు పేర్చిన దొడ్డి వెనక షెడ్డులో కేబుల్ కంట్రోల్ రూము. బొద్దుగా, నవ్వుతూ, నుదుటిన ఇంత కుంకం పెట్టుకుని ఉండే మనిషి. భయపడుతూనే అడిగాను. "కార్నర్ బిల్డింగే కదమ్మా, ఏసుకో. మాకేమీ బేజారు లేదు" అని టీ తెప్పించాడు. తర్వాత ఆదినారాయణప్పకు ఫోన్ చేశాను. "కార్నర్ బిల్డింగే కదమ్మా. మాకేమీ బేజారు లేదు" అన్నాడు. ఇద్దరూ అచ్చం ఒకే మాట అన్నారని నాకు తట్టనేలేదు. నా నోటి గొప్పతనమే అనుకుని ఆ వారమంతా ఆఫీసులో తల ఎత్తుకుని తిరిగాను.

తీగలు వేరువేరు రోజుల్లో వచ్చాయి. తూర్పునుంచి కదిరప్ప లాగాడు. పడమటి నుంచి తలెత్తి చూడని ఒక బక్కపల్చటి మనిషి వచ్చి లాగి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఇక మిగిలింది నా పని. ఒక పాత కంప్యూటరుకు మూడు నెట్‌వర్క్ కార్డులు బిగించి ఫైర్‌వాల్ చేశాను. అంటే ఆఫీసుకు కాపలావాడు. లోపలికి ఒక తలుపు, బయటికి రెండు తలుపులు. ఈ ఆపరేటర్లు ఇచ్చే అడ్రసు నిలకడగా ఉండదు. తీగ పెట్టగానే అవతలి పెట్టె ఒక అడ్రసు ఇస్తుంది, రేపు మార్చి ఇంకోటి ఇస్తుంది. అడ్రసుతో పాటు, బయట లోకంలోకి వెళ్లాలంటే ఏ గుమ్మం దాటాలో చెబుతుంది. గేట్‌వే అంటాం దాన్ని. నా కాపలావాడు రెండు గుమ్మాలనూ అదేపనిగా పిలుస్తుంటాడు. ఒకటి పలకడం మానేస్తే అందర్నీ రెండోదాని మీదుగా పంపేస్తాడు. అంతకు మించి విద్యేమీ లేదందులో.

పని చేయలేదు. తూర్పు తలుపులోంచి పంపిన ఫైలు సగంలో ఆగేది. పడమటి తలుపు తెరిస్తే తూర్పుది మూసుకునేది. కార్డులు మార్చాను, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాను. పద్మనాభంగారు వచ్చి పెట్టెకు విభూతి పెట్టి వెళ్లారు. ఆఖరికి విసిగిపోయి కాపలావాణ్ని పక్కకు నెట్టేసి, ఒక్కో తీగను ఒక్కో కంప్యూటరుకు నేరుగా గుచ్చాను. అప్పుడు కనిపించింది. రెండు తీగలకూ వచ్చిన అడ్రసులు పక్కపక్కవి, ఒకే బంతిలో కూర్చున్నట్టు. గుమ్మం నంబరు రెండింటికీ ఒకటే. ఏదో కాకతాళీయం అనుకుని గుమ్మం దగ్గరున్న పెట్టె గుర్తు చూశాను. ప్రతి నెట్‌వర్క్ పెట్టెకూ తయారైనచోటే ఒక గుర్తు వేస్తారు, మన వేలిముద్ర లాంటిది. అది కూడా రెండింటికీ ఒకటే.

మేడ మీద ఎక్కడో రెండు తీగలూ కలిసిపోయి ఉంటాయని అనుకున్నాను. గురప్ప ఆఫీసుకు ఫోన్ చేస్తే తప్పు వాళ్లదన్నారు. ఆదినారాయణప్ప ఆఫీసుకు చేస్తే తప్పు వీళ్లదన్నారు. ఇలాంటప్పుడు ఆఫీసుల్లో పద్ధతి ఒకటుంది. రెండు కంపెనీలవాళ్లనూ ఒకేసారి పిలిచి ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెడతాం, ఎదురెదురుగా ఉంటే నెపం తోసేయలేరని. నేనూ అదే చేశాను. కదిరప్పను పొద్దున రమ్మన్నాను. ఆదినారాయణప్ప ఆఫీసుకు "తీగ లాగిన ఆ బక్కమనిషినే పంపండి, ఇంకెవరూ వద్దు" అని మరీ చెప్పాను. సరేనన్నారు.

సర్వర్ రూము మేడ మీద రేకుల గది. కదిరప్ప ముందుగా వచ్చి, రెండు తీగల వెంబడీ పిట్టగోడల మీదుగా పోయి చూసి తిరిగొచ్చాడు. "మాది తూర్పుకే పోతాది. వాళ్లది పడమటికే. యాడా కల్లేదు మేడమ్."

"యాడా కలవకపోతే రెండూ ఒకే గుమ్మానికి ఎలా చేరతాయి కదిరప్పా?" అన్నాను. అన్నాక, నా మాటే నాకు చల్లగా తగిలింది. తీగలు దారిలో కలవకపోతే మొదట్లోనే కలిసి ఉండాలి. ఆ సంగతి అతనికి ఎలా చెప్పాలా అనుకుంటుండగానే మెట్ల మీద అడుగులు వినిపించాయి.

వచ్చింది బక్కమనిషి కాదు. గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చిన పొడుగాటి మనిషి. భుజాన పనిముట్ల సంచి. "బక్కోడికి జొరం, నన్ను పంపించినారు. యాడుండాది కంప్లైంటు?" అంటూ తలెత్తి, కదిరప్పను చూశాడు. సంచి జారిపోయింది. అతను మల్లికార్జున్ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కొమ్మలు కొట్టడానికి లైన్‌మన్లందరి దగ్గరా మచ్చుకత్తి ఉంటుంది. కదిరప్పది తీగల చుట్ట కింద ఉంది. అరవలేదు, తిట్టలేదు. తీశాడు, ఒక్క వేటు వేశాడు. మల్లికార్జున్ ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టాడు. కుర్చీ రెండు ముక్కలైంది. వెనక్కి దూకి గది బయట మేడ మీదికి పరుగెత్తబోతే వెనకనుంచి తొడ మీద పడింది రెండో దెబ్బ. పాంటు చిరిగిన చోట ముందు తెల్లగా కనిపించింది, తర్వాత నెత్తురు ఎగజిమ్మింది. పడుతూనే కదిరప్ప కాలు పట్టి లాగాడు. ఇద్దరూ సిమెంటు నేల మీద దొర్లారు. మల్లికార్జున్ చేతికి ఇటుక దొరికింది. కదిరప్ప దవడ మీద కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. కదిరప్ప నోటినిండా నెత్తురు. నీళ్ల ట్యాంకు పైపు విరిగి ఇద్దరి మీదా నీళ్లు పడ్డాయి. ఎర్రటి నీళ్లు నా చెప్పుల కిందికి పారాయి. పద్మనాభంగారు మెట్లెక్కి వచ్చి, ఒక్క చూపు చూసి, ఎక్కినదానికంటే త్వరగా దిగిపోయారు. కిందనుంచి అమ్మాయిల అరుపులు.

కదిరప్పదే పైచెయ్యి అయింది. మల్లికార్జున్‌ను పిట్టగోడకు ఆనించి, జుట్టు పట్టి తల వెనక్కి వంచి, మచ్చు గొంతు మీద పెట్టాడు. "తమ్ముడు గుర్తుండాడా?" అన్నాడు. అంతసేపట్లో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"ఆగరా!" అని అరిచాను. నేనంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. "కదిరప్పా, ఆగు! మీ రెండు తీగలూ ఒక్క రూములోంచే వస్తున్నాయి! గురప్పా ఆదినారాయణప్పా ఒకటైపోయారు! నువ్వు ఎవడి కోసం పొడుస్తున్నావురా?"

"లైను కతలు ఇప్పుడొద్దు మేడమ్. లోపలికి పోండి."

"కథ కాదు. వాడి నెట్టూ నీ నెట్టూ ఒకటే. ఒకే పెట్టె, ఒకే గుమ్మం. కావాలంటే వాణ్నే అడుగు, వాళ్ల కంట్రోల్ రూము ఉందో లేదో."

కత్తి కదల్లేదు. మల్లికార్జున్ కళ్లు మాత్రం నావైపు తిరిగాయి. గొంతు మీద ఇనుము ఉండగానే మాట్లాడాడు. "ఉగాదినుంచి మా రూముకి బీగమేసిండారు. మెషిన్లు రిపేరీ అన్నాడు ఆదినారాయణప్ప. మమ్మల్ని ఎవుర్నీ లోపలికి రానీలేదు."

కదిరప్ప పట్టు సడలలేదు కానీ మొహం మారింది. "ఉగాదికే" అన్నాడు. "మా రూము ఎనక ఇంకో రూము కట్టినాడు గురప్పన్న. బ్యాటరీలు అని చెప్పినాడు. దాని బీగంచెవి ఆయన మొలతాడుకే ఉంటాది."

ఉగాదికి ఇద్దరూ ఒకటయ్యారు. ఓంకార్‌ను చంపింది ఆ తర్వాత, శ్రావణంలో. ఆ లెక్క ముగ్గురం ఒకేసారి వేసుకున్నామని ముగ్గురి మొహాల్లోనూ కనిపించింది. పైన మాట కలిపి కింద మనుషుల మధ్య పగ అలాగే ఉంచారు. పగ ఉన్నంతకాలం మూడో ఆపరేటరు ఈ రోడ్డు తొక్కడు. ఒకడి మీద అలిగిన కస్టమరు రెండోవాడి దగ్గరికే పోతాడు. ఎటు పోయినా ఒకే దొడ్డి. నాకు అప్పుడు వచ్చిన కోపంలో ఆ మచ్చు నా చేతిలో ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

కదిరప్ప నమ్మాడనుకున్నాను. నమ్మలేదు. అమ్మ చేతి ముద్ద మానేసి బతికినవాడు ఒక మాటకు ఎలా నమ్ముతాడు? నన్ను గదిలోకి రమ్మని సైగ చేసి, మల్లికార్జున్‌ను చొక్కా పట్టి ఈడ్చుకొచ్చి రెండు కంప్యూటర్ల ముందు పడేశాడు. "చూపించండి."

చూపించాను. ఒక్కో తెర మీదా ఒక్కో తీగ. రెండు కంప్యూటర్లూ తమ గుమ్మాలను పిలుస్తున్నాయి. గుమ్మం పలికినప్పుడల్లా తెర మీద ఒక వరస దిగుతుంది. రెండింటిలోనూ వరసలు దిగుతూనే ఉన్నాయి.

"నేను పోయి గురప్పన్న ఎనక రూము పగలగొడతా. ఆడుండే పెద్ద ప్లగ్గు పీకుతా. రెండూ ఆగిపోతే మీరు చెప్పింది నిజం" అన్నాడు. తర్వాత మల్లికార్జున్ మొహంలో మొహం పెట్టాడు. "తూర్పుది ఒకటే ఆగితే ఎనక్కి వస్తా. పారిపోతే మీ ఇంటికి వస్తా. నీ పెండ్లాము యాడుండాదో నాకి తెలుసు."

మచ్చు చొక్కాలో దోపుకుని వెళ్లిపోయాడు. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

నా చున్నీ మడిచి మల్లికార్జున్ తొడ మీద అదిమాను. కట్టు కట్టడానికి మా టీమ్ లీడర్ చాందినిని కేకేశాను. ఆ పిల్ల వచ్చి నా చేతుల మీద తన చేతులు పెట్టి అదిమింది. "అక్కా, ఆటో పిలుస్తా, హాస్పిటల్‌కి తీసుకెళ్దాం, వీడు చచ్చిపోతాడు" అంది. మల్లికార్జున్ తల అడ్డంగా ఊపాడు. "అవి ఆగేది చూడల్ల" అన్నాడు. చూపు తెరల మీదినుంచి తిప్పలేదు. ఓంకార్‌ను నరికినవాడు. అతని నెత్తురు నా వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారుతోంది. అసహ్యం వేసింది. అయినా చెయ్యి తీయలేదు.

రెండు తెరల మీదా వరసలు దిగుతున్నాయి. పలికింది, పలికింది, పలికింది. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ తెరా చూడలేదు. తర్వాత తూర్పుది ఆగింది. చాందిని "అమ్మా" అంది. మల్లికార్జున్ కళ్లు మూసుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కన్ను మూసి తెరిచేలోగా పడమటిది కూడా ఆగింది. జవాబు లేదు, జవాబు లేదు అని రెండు తెరలూ ఒకే మాట రాయడం మొదలుపెట్టాయి.

నా ఫోన్ మోగింది. కదిరప్ప.

"అక్కా" అన్నాడు. ఎప్పుడూ మేడమ్ అనేవాడు, మొదటిసారి అక్కా అన్నాడు. "పెద్దది పీకినా. ఈడ ఆదినారాయణప్ప పెట్టెలు కూడా ఉండాయి, ఆయన పేరేసి. అయినా నువ్వు చెప్పు. రెండూనా, ఒకటేనా?"

నేను నోరు తెరిచేలోగా అతని వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. "రేయ్ కదిరా, ఎవుడ్రా నీకి బీగం పగలగొట్టమని చెప్పింది?" గురప్ప గొంతు. దగ్గరికి వస్తోంది.

ఒకటే పోయిందంటే కదిరప్ప ఇక్కడికి వచ్చి, నా చేతుల కింద నెత్తురోడుతున్న ఈ మనిషిని ముగించేస్తాడు. రెండూ పోయాయంటే అక్కడ ఉన్నవాణ్ని. అబద్ధం చెప్పాల్సిందని తర్వాత చాలామంది నాతో అన్నారు. పద్మనాభంగారు అన్నారు, కోర్టులో లాయరు అన్నాడు. ఎవణ్ని చంపించే అబద్ధం చెప్పాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

"రెండూ" అన్నాను.

"సరే అక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేయలేదు. ఎక్కడో కింద పెట్టినట్టున్నాడు, చప్పుళ్లన్నీ వినిపిస్తున్నాయి. "కదిరా, ఇనప్పా. నీకి తెలీదురా ఇది, బిజినెస్సు" అంటున్నాడు గురప్ప. "మీ తమ్ముని మీద నాకి మాత్రం ప్రేమ లేదా? ఆదినారాయణ మాట ఇనలేదురా. మనోళ్లకి రోషం ఉండాల, లేకుంటే ఇంకోడు వచ్చేస్తాడు అన్నాడు." ఇనుప షెల్ఫు పడిపోయిన చప్పుడు. "వద్దురా" అని ఒకసారి, "అమ్మా" అని ఒకసారి. ఆ తర్వాత మనిషి గొంతు లేదు. దెబ్బల చప్పుడు మాత్రం ఆగలేదు. తడిగుడ్డను బండకేసి బాదినట్టు, ఆగకుండా, చాలాసేపు. ఎవరో వాకిట్లో "కొలె, కొలె" అంటూ, హత్య జరిగిందని కన్నడంలో కేకలేస్తూ పరుగెత్తారు. అప్పుడు నేనే ఫోన్ ఆపేశాను.

చాందిని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తెరలు జవాబు లేదు అని రాస్తూనే ఉన్నాయి. ఇవాళ్టి ఫైళ్లు వెళ్లవు, రేపట్నుంచి పని ఉండదు, ఇంతమంది అమ్మాయిలు ఏమవుతారు అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నామీద నాకే రోత పుట్టింది.

మల్లికార్జున్ బతికాడు. బతికానని అతనికీ తెలిసింది. ఇప్పుడైనా ఆటో అడుగుతాడని, కనీసం ఒక నిట్టూర్పు విడుస్తాడని అనుకున్నాను. అతను రక్తం మరకల చేతులు ఒళ్లో పెట్టుకుని తెరల వంక చూస్తున్నాడు. ఆ చేతుల్ని తిరగేసి చూసుకున్నాడు.

"మేడమ్" అన్నాడు మెల్లిగా. "ఇది ఒకటే లైను అయితే, ఓంకార్ని నేనెందుకు నరికినా?"

ఇంతసేపూ అన్నిటికీ జవాబు నేనే చెప్పాను కదా, దీనికీ తెలిసే ఉంటుందని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.